తాడు, శంకువు, చిల్లుల బల్ల

మేము బడిలో తమిళం చదువుకున్నవాళ్లం. తెలుగు ఇంట్లో అమ్మ నేర్పిందే. దోషాలుంటే పెద్దలు దిద్దండి.

శ్రీరామనవమికి మా వీధి భజన మందిరానికి ఎనిమిది కోణాల పీఠం చేస్తానని మా మేనల్లుడు మాట ఇచ్చాడు. ధైర్యమంతా వాడు కొత్తగా కొన్న బల్లది. బల్ల పైపలక నిండా వరుసలుగా చిల్లులు. జర్మనీ ఫెస్టూల్ కంపెనీ పెట్టిన కొలత అది: చిల్లు 20 మిల్లీమీటర్లు, ఒక చిల్లు నడుమ నుంచి పక్క చిల్లు నడుమకు 96. రెండు చిల్లుల్లో గూటాలు దించి, వాటికి బద్దీ ఆనించి, బద్దీకి చెక్క ఆనిస్తే కోణం కుదిరినట్టే. రంపం పట్టా మీద జారుతుంది. (పట్టా అనగానే రైల్వే గుమాస్తాకి ఎంత సంతోషమో!) వరుసకు 90, ఐమూలగా చిల్లుకు చిల్లు 45. మూలమట్టం అక్కర్లేదు. ఈ మూలమట్టాన్ని తమిళంలోనూ మూలైమట్టం అంటారు. తచ్చన్ అయినా వడ్రంగి అయినా చేతిలో ఉండేది అదే.

బల్లకు చిల్లులు కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు వడ్రంగి రూబో తన పుస్తకంలో చూపిన బల్లకు కూడా చెక్కను నొక్కిపట్టే ఇనుప కొక్కేల కోసం చిల్లులున్నాయి. మన వడ్రంగులు నేల మీద కూర్చుని కాలివేళ్లతోనే చెక్కను పట్టేవారు. మా పెరంబూరులో 1856లో క్యారేజి కార్ఖానా మొదలైన కాలంలో రైలు పెట్టెలు చెక్కవే. 1955 అక్టోబరు 2న నెహ్రూ గారు ఐ.సి.ఎఫ్. ప్రారంభించాక, స్విస్ నమూనాతో ఉక్కు పెట్టెలు వచ్చి చెక్కపనిని పక్కకు నెట్టాయి.

కానీ మేకు పాతి కోణం పట్టే తెలివి ఇంకా పాతది. ప్రవరలో ‘ఆపస్తంబ సూత్రః’ అనే ఇళ్లు మన సంఘంలో చాలానే ఉన్నాయి. ఆ ఆపస్తంబుడి శుల్బసూత్రాలు క్రీస్తు పూర్వం నాటివి. శుల్బమంటే తాడు. పద్ధతి ఇది: 12 మూరల దూరంలో రెండు శంకువులు పాతాలి. తాడును సగం పెంచి 18 చెయ్యాలి. పెంచిన ఆరులో ఆరో వంతు తగ్గించి, అంటే ఒక కొన నుంచి 5 దగ్గర, గుర్తు పెట్టాలి. కొనలు శంకువులకు కట్టి, గుర్తు పట్టుకుని పక్కకు లాగితే 5 ఒక వైపు, 13 ఒక వైపు. 5 వైపు శంకువు దగ్గర నిక్కమైన లంబకోణం! మహావేదికి పడమట 30, తూర్పున 24, పొడవు 36. దాని ఏటవాలు పక్కలన్నీ ఇలా తాళ్లతో పట్టినవే.

ఇక పీఠం సంగతి. ఎనిమిది ముక్కలు, ప్రతి కొనకూ 22.5 డిగ్రీలు, మొత్తం 16 కోతలు. మావాడు చిల్లులు లెక్కపెట్టి 12కి 5 పట్టాడు. ఆపస్తంబుడి జోడీయే, కానీ దాని కోణం 22.62. "మామా, పన్నెండు వందల వంతుల్లో ఏముంది?" అన్నాడు. పదహారు కోతలకు దాదాపు రెండు డిగ్రీలు! ఏడు అతుకులూ కరుచుకున్నాయి, ఎనిమిదోది నోరు తెరిచింది. మంచి టేకు, పండుగకి నాలుగు రోజులు. చదరపు చిల్లుల్లో ఎంత వెతికినా సరిగ్గా 22.5 దొరకదు. దానికి రెండు వర్గమూలం కావాలి, చిల్లుల్ని లెక్కపెడితే అది రాదు.

మేమే వెళ్లి పక్క వీధి ఆచారి గారిని పిలుచుకొచ్చాం. మావాడు ఆయన్ని ఒక్క మాట అడగలేదన్న కినుక ఆయనకుంది, న్యాయమే. అయినా వచ్చారు. మొదట టేపు తీసి బల్లనే పరీక్షించారు: మూడు చిల్లులు ఇటు, నాలుగు అటు, ఐమూల 480 మిల్లీమీటర్లు. సరిపోయింది. "బల్ల మంచిదే నాయనా" అన్నారు. ఒక చిల్లులో గూటం దించి దారం తగిలించారు. వరుస మీదా, 45 గీత మీదా ఒకే దూరంలో రెండు చుక్కలు పెట్టారు. ఆ రెండింటి నుంచి అదే దారంతో రెండు చాపాలు. అవి కలిసిన చోటు నుంచి గూటానికి గీత గీస్తే 45లో సగం. ఆ గీత చివర కొత్త చిల్లు వెయ్యమన్నారు. అంత ఖరీదైన బల్లకి తూటు పెట్టడానికి మావాడి చెయ్యి ఆడలేదు. డ్రిల్లు ఆయనే అందుకున్నారు.

నవమి ముందురోజు రాత్రికి పీఠం బిగిసింది. మొదటి ముక్కలన్నీ రెండు కొనల్లోనూ మళ్లీ కోశారు కాబట్టి అనుకున్నదానికన్నా రెండు అంగుళాలు చిన్నదైంది. విగ్రహానికి చాలింది. వరుసలో చేరని ఆ ఒంటి చిల్లు పక్కన మావాడు పెన్సిలుతో 22½ అని రాసుకున్నాడు, కింద ఆచారి గారి ఫోన్ నంబరు.