లోడు కాని మాడ్యూళ్ళు – ముప్పై ఏళ్ళ తగవు

లినక్సు వాడేవారిలో ఈ అనుభవం ఎరుగనివారు అరుదు. కొత్త కెర్నెలు వేసుకుని యంత్రాన్ని మళ్ళీ మొదలుపెడితే, రంగుల తెర రావలసిన చోట నల్లని తెర మీద తెల్లని ఆంగ్లాక్షరాలు బారులు తీరి నిలబడతాయి. గ్రాఫిక్స్ డ్రైవరు లోడు కాలేదని అర్థం.

తెలుగువారికి ఇందులో మరొక నష్టం కూడా ఉంది. కెర్నెలు తనంతట తాను చూపే ఆ అక్షరాల తెరకు 512 ఆకృతులకు మించి పట్టవు. గుణింతాలనూ ఒత్తులనూ సరిగా కూర్చే విద్య దానికి రాదు. గ్రాఫిక్స్ రాకపోతే తెలుగూ రాదు. మన అక్షరాలు కనబడాలంటే ముందు ఆ మాడ్యూలు ఎక్కాలి. అందువల్ల ఈ చరిత్ర యంత్రనిపుణులకే పరిమితమైనది కాదని నా అభిప్రాయం.

మాడ్యూలును నిరాకరించేటప్పుడు కెర్నెలు చెప్పే ముఖ్యమైన కారణాలు నాలుగైదుకు మించవు. ఒక్కొక్క కారణం ఒక్కొక్క కాలంలో పుట్టింది, ప్రతి దాని వెనుకా ఒక తగవు ఉంది. వాటిని పుట్టిన వరుసలో చదువుకుంటే మరమ్మతు సులువవుతుంది. తలుపుకు తాళం వేసినది ఎవరో కూడా తెలుస్తుంది.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును మొదలుపెట్టినప్పుడు మాడ్యూళ్ళు లేవు. ఆయన దగ్గరున్న 386 యంత్రంలో ఏ పరికరాలుంటే వాటికే డ్రైవర్లు. అన్నీ కలిపి ఒకటే కెర్నెలు. వాడుకరులు పెరిగేకొద్దీ పరికరాలూ పెరిగాయి. అన్ని డ్రైవర్లనూ కెర్నెలులోనే కుక్కితే నాలుగైదు మెగాబైట్ల మెమరీ గల ఆనాటి యంత్రాలు మోయలేవు. అందుకని నడుస్తున్న కెర్నెలులోనికి అవసరమైనప్పుడు ముక్కలను చేర్చుకునే ఏర్పాటు వచ్చింది. 1995 మార్చిలో వెలువడిన 1.2 నాటికి అది వాడుకలో ఉంది. ఆ ముక్కలే మాడ్యూళ్ళు.

మొదటి తగవు అక్కడే పుట్టింది. మాడ్యూలు కెర్నెలుకు చుట్టపుచూపుగా వచ్చే అతిథి కాదు. లోపలికి వచ్చాక ఇంటి మనిషే. కెర్నెలు అంతర్గత నిర్మాణాలను నేరుగా తాకుతుంది. ఫలానా వివరం ఫలానా స్థానంలో ఉంటుందని నమ్మి తయారవుతుంది. తరువాతి కెర్నెలులో ఆ స్థానాలు మారిపోతే, ఇంటినంబర్లన్నీ మార్చిన వీధిలో పాత చిరునామాలు పట్టుకుని తిరిగే తపాలా మనిషి గతి పడుతుంది. తప్పు ఇంట్లో ఉత్తరం వేస్తే పోయేది కొంతే. కెర్నెలులో తప్పు చోట వ్రాస్తే యంత్రమే కుప్పకూలుతుంది. అందువల్లనే మాడ్యూలు మీద అది ఏ కెర్నెలు కోసం తయారైందో ముద్ర ఉంటుంది. ముద్ర సరిపోకపోతే ‘ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అన్న సందేశం వస్తుంది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెలు తొలి రోజులలో ఆ ముద్రలో కంపైలరు సంచిక కూడా ఉండేది.

ఈ లోపలి అమరికను స్థిరంగా ఉంచవచ్చు కదా అని సంస్థలు అడిగాయి. ఉంచబోమని కెర్నెలు రచయితలు బదులిచ్చారు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఇందుకు కారణాలు వివరిస్తూ వ్రాసిన పత్రం కెర్నెలు మూలంలోనే ఉంది. దాని సారాంశం ఇది: మీ డ్రైవరు మూలాన్ని కెర్నెలులో చేర్చండి, అమరిక మార్చినవారే దానినీ సరిచేస్తారు.

2000లో ఈ మాటకు పరీక్ష ఎదురైంది. అంతకు ముందు గ్రాఫిక్స్ కార్డుతో ప్రధానంగా ఎక్స్ సర్వరే నేరుగా మాట్లాడేది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన ఎక్స్‌ఫ్రీ86 4.0తో త్రిమితీయ చిత్రణ కోసం కెర్నెలులోనూ ఒక భాగం ఉండవలసి వచ్చింది. డ్రైవరు రెండు ముక్కలైంది. ఒకటి కెర్నెలులో, ఒకటి బయట. రెంటి సంచికలూ కలవకపోతే తెర రాదు. అదే ఏడాది ఎన్విడియా సంస్థ మూలం బయటపెట్టని డ్రైవరును విడుదల చేసింది. వాడినవారు దాని వేగాన్ని మెచ్చుకున్నారు. కెర్నెలు రచయితలకు మాత్రం లోపల ఏముందో తెలియని ముక్క వల్ల యంత్రం కూలితే, ఫిర్యాదులు తమ వద్దకే రావడం ఇబ్బంది అయింది. 2001లో వారు మాడ్యూలు తన లైసెన్సును ప్రకటించుకునే పద్ధతిని ప్రవేశపెట్టారు. మూలం లేని మాడ్యూలు ఎక్కితే కెర్నెలు ‘టెయింటెడ్’ అయినట్టు నమోదవుతుంది. మైల పడిందన్నమాట! ఈ సందేశాన్ని చూసి కంగారుపడే కొత్తవారు ఎందరో. నిజానికి అది మాడ్యూలును ఆపదు. ఆపగలిగేది అప్పుడే వచ్చిన మరొక నియమం: కొన్ని అంతర్గత సౌకర్యాలు జీపీఎల్ మాడ్యూళ్ళకే అందుతాయి. తక్కినవి అడిగితే ‘అన్‌నోన్ సింబల్’ అన్న జవాబు వస్తుంది.

2004 మేలో ఫెడోరా కోర్ 2 వచ్చినప్పుడు సామాన్య వాడుకరికి ఈ తగవు సెగ తగిలింది. అందులోని కెర్నెలు ప్రతి పనికీ కేటాయించే స్టాకును ఎనిమిది కిలోబైట్ల నుండి నాలుగుకు తగ్గించింది. అప్పటి ఎన్విడియా డ్రైవరుకు ఆ చోటు చాలలేదు. మూలం చేతిలో ఉంటే ఎవరైనా సరిచేయగలిగేవారు. లేనందున సంస్థ కొత్త సంచిక ఇచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది.

తరువాతి చిక్కు మరొక వైపు నుండి వచ్చింది. స్టెఫాన్ మార్షెసాఁ 2005లో ప్రారంభించిన నూవో పథకంలో, కార్డు ప్రవర్తనను పరిశీలించి పరిశీలించి స్వేచ్ఛా డ్రైవరును వ్రాశారు. అది 2010 ఫిబ్రవరి నాటి 2.6.33లో కెర్నెలుకు చేరింది. నూవో యంత్రం మేలుకునేటప్పుడే కార్డును పట్టుకుంటుంది. తరువాత వచ్చిన ఎన్విడియా మాడ్యూలుకు కార్డు దొరకదు. నూవోను నిషేధిత జాబితాలో వేసి, ఆపై తొలిదశలో చదవబడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్ళీ కట్టకపోతే ఫలితం ఉండదు. ఈ రెండవ పని మరచినవారే ఎక్కువ.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వ్యాపించింది. ఆ డిసెంబరులో వచ్చిన 3.7 కెర్నెలు మాడ్యూళ్ళ సంతకాలను సరిచూడడం నేర్చింది. ఇంట్లో కంపైలు చేసుకున్న మాడ్యూలుకు గుర్తింపు పొందిన సంతకం ఉండదు కనుక ‘రిక్వయిర్డ్ కీ నాట్ అవైలబుల్’ అని తిరస్కరణ వస్తుంది. దొంగ మాడ్యూళ్ళను ఆపడానికి ఇది అవసరమే. అయితే యంత్రాన్ని డబ్బిచ్చి కొన్నవాడు కూడా తన మాడ్యూలును ఎక్కించడానికి ఒక తాళంచెవి తయారుచేసుకుని, ఫర్మ్‌వేరు వద్ద నమోదు చేయించుకోవలసి వచ్చింది.

ఈ వరుస తెలిసినవారికి మరమ్మతు క్రమం దానంతట అదే తడుతుంది. ముందు డీమెస్గ్‌లో కెర్నెలు మాట వినాలి. ముద్ర తేడా అయితే నడుస్తున్న కెర్నెలుకు తగిన హెడర్లు ఉన్నాయో లేదో చూడాలి. 2003లో డెల్ సంస్థలో పుట్టిన డీకేఎంఎస్ అవి ఉంటేనే మాడ్యూలును మళ్ళీ కట్టగలదు. కార్డు దొరకలేదంటే నూవోను చూడాలి. తాళంచెవి మాట వస్తే సంతకం సంగతి చూడాలి. ఇదేమీ చేయకుండా మొత్తం వ్యవస్థను మళ్ళీ స్థాపించడం వృథాశ్రమ.

2022 మేలో ఎన్విడియా తన కెర్నెలు మాడ్యూళ్ళ మూలాన్ని బయటపెట్టింది. 2018 నాటి ట్యూరింగ్ తరం నుండి వచ్చిన కార్డులకే అది వర్తించింది. బయటి ముక్క మూసే ఉండిపోయింది. తగవు ముగిసిందని సంతోషించే ముందు పాత కార్డుల సంగతి చూడాలి. జీఫోర్స్ 8, 9 శ్రేణులను నడిపించిన 340 డ్రైవరుకు సంస్థ 2019తో మద్దతు ఆపింది. కార్డులు చెడిపోలేదు, వాటి డ్రైవరును కొత్త కెర్నెళ్ళకు అనుగుణంగా మార్చేవారు సంస్థలో లేరు. వాటికి మిగిలిన దిక్కు అడగకుండానే వ్రాసిపెట్టిన నూవో ఒక్కటే. మరోవైపు 2000లో వచ్చిన తొలి రేడియాన్ కార్డులకు తెర వెలిగించే కోడు కెర్నెలు మూలంలోనే ఉన్నందున, తయారుచేసిన ఏటీఐ 2006లో ఏఎండీలో కలిసిపోయినా, అది కెర్నెలుతో పాటే మారుతూ వచ్చింది.

నాలుగు వేలో ఐదు వేలో పెట్టి పాత యంత్రం కొనుక్కుని, దాని మీద తెలుగు వ్రాసుకోవాలనుకునే విద్యార్థికి ఈ తేడా సిద్ధాంతచర్చగా కనిపించదు. మూలం అందరి చేతిలో ఉన్న డ్రైవరు అయితే అతని తెర మీద అక్షరం కనబడుతుంది. కాకపోతే, పనిచేసే కార్డు ఉండీ ఆ 512 ఆకృతుల నల్లతెరతోనే అతను సరిపెట్టుకోవాలి.