పాటిదిబ్బలు

పాడు అను దేశ్యపదము గ్రామనామముల చివర నూరిని దెలుపును. శిథిలమైనదానికిని నదియే పేరు. దీని యౌపవిభక్తికరూపము పాటి. పాటిదిబ్బ, పాటిమన్ను అను వ్యవహారము లిట్లు గలిగినవి. అడవులలోఁ బూర్వనివాసములను వెదకువారి కీ మాటయే తొలి శాసనము.

పల్నాటిసీమయందలి నాగార్జునకొండలోయలో 1926వ సంవత్సరమున సూరపరాజు వెంకటరామయ్య యను నుపాధ్యాయుఁ డొక ప్రాచీనస్తంభమును జూచి ప్రభుత్వమునకుఁ దెలిపెను. పిదపఁ ద్రవ్వకములలో నిక్ష్వాకుల విజయపురి బయల్పడెను. అచ్చటి ప్రాకృతశాసనములలో వంశనామము ఇఖాకు, శ్రీపర్వతము సిరిపవతము. వర్ణవికారముల నెఱిఁగినవారికే యీ పేరులు సంస్కృతనామములతోఁ గలియును.

స్తూపవిహారములు రాతిపనివలన నిలిచినవి. సామాన్యుల యిండ్లట్లు గావు. అయినను 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో నొక స్వర్ణకారుని యిల్లును, మూసయు, ఒరగల్లును, నగల యచ్చులును దొరకెను. ప్రశస్తులు చెప్పని జీవనము దీనివలనఁ దెలిసినది. తరువాత లోయ నాగార్జునసాగరజలములలో మునిఁగినది. కొన్ని కట్టడములు కొండమీఁదికిఁ జేర్పఁబడినవి. తక్కినవానిలోఁ బెక్కింటికిఁ ద్రవ్వకపు వ్రాఁతలే సాక్ష్యము.

పాటిదిబ్బలకు నీటిభయము లేకున్నను బండిభయము గలదు. పాటిమన్ను పొలమునకు బలమని తోలుట వాడుక. ఆ మంటితోఁ బెంకులు, నాణెములు పోవుటయే గాక పొరల వరుసయుఁ జెడును. వరుస చెడిన వస్తువు క్రమము దప్పిన సూత్రమువంటిది: అక్షరములుండును, అర్థము తేలదు.

కావునఁ బాఠశాలాపండితులు గునపము పట్టవలదు. పాటి యను పేరు వినఁబడినచోట దిబ్బ యెచ్చటనున్నదో, పైన నేమి కనఁబడుచున్నదో వ్రాసి పురావస్తుశాఖకుఁ దెలుపుట చాలును. వెంకటరామయ్యగారు చేసిన దింతియే.