రాగి సెంటు: ఒక పొరపాటు చరిత్ర

చెల్లని రూపాయికి గీతలెక్కువ అని తెలుగు సామెత. అమెరికా నాణేల చరిత్రలో మాత్రం పొరపాటున పుట్టిన కొద్దిపాటి సెంట్లు, పద్ధతి ప్రకారం పుట్టిన నూరు కోట్ల సెంట్లను మించిపోయాయి.

రెండవ ప్రపంచయుద్ధంలో తూటాల తొడుగులకు, తీగలకు రాగి కావలసి వచ్చింది. అందువల్ల 1943లో సెంటును జింకు పూత పూసిన ఉక్కుతో ముద్రించారు. ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలు ఆ ఒక్క ఏడాదిలో సుమారు 109 కోట్ల ఉక్కు సెంట్లను విడుదల చేశాయి. అదే ఏడాది మన దేశంలో కాణీకి నడుమ చిల్లు పడింది. దానికీ కారణం లోహపు కరువే. ఉక్కు సెంటు ప్రజలకు నచ్చలేదు. కొత్తగా ఉన్నప్పుడు పది సెంట్ల డైమును తలపించేది; పూత పోతే తుప్పు పట్టేది. ఏడాది తిరిగేసరికి దానికి స్వస్తి చెప్పారు.

1942లో మిగిలిన కంచు బిళ్ళలు కొన్ని తొట్ల అడుగున ఇరుక్కుపోయి, ఉక్కు బిళ్ళలతో కలిసి యంత్రంలోకి వెళ్ళాయన్నది అధికులు అంగీకరించే వివరణ. 1944లో ఇదే పొరపాటు తిరగబడి, మిగిలిపోయిన ఉక్కు బిళ్ళలపై ఆ ఏటి ముద్ర పడింది.

1947లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో పదహారేళ్ళ విద్యార్థికి, బడి భోజనశాలలో ఇచ్చిన చిల్లరలో 1943 నాటి రాగిరంగు సెంటు కనబడింది. అలాంటిది తెచ్చినవారికి హెన్రీ ఫోర్డ్ కారు బహూకరిస్తాడన్న పుకారు అప్పట్లో షికారు చేస్తోంది. విచారిస్తే అది వట్టిదని తేలింది. ఖజానా శాఖకు వ్రాస్తే, 1943 సెంట్లన్నీ ఉక్కువేనని సమాధానం వచ్చింది. నాణెం చేతిలో ఉంది. ప్రభుత్వం మాత్రం అది లేదంటోంది. అతడు దానిని అమ్మలేదు, ఖర్చు పెట్టలేదు, దాచుకున్నాడు.

ఇటువంటి నాణేనికి తొలి పరీక్ష అయస్కాంతం. ఉక్కు సెంటు అంటుకుంటుంది, కంచుది అంటుకోదు. రాగి పూత పూసిన ఉక్కు సెంట్లు ఎన్నో ఇక్కడే పట్టుబడతాయి. రెండవది తూకం: కంచు సెంటు 3.11 గ్రాములు, ఉక్కుది 2.7 గ్రాములు. మూడవది అంకె. 1948 నాటి సెంటులో 8ని సగం చెక్కి 3గా మార్చిన మోసగాళ్ళున్నారు. అసలు నాణెంలో ఆ 3 తోక పొడవుగా కిందికి దిగుతుంది. ఈ మూడూ దాటినా నిపుణుడి తీర్పు తప్పదు.

విలువ కట్టడంలోనూ ఒక నియమముంది. తప్పు టంకశాల లోపల జరిగితేనే దానికి వెల. బయట సుత్తిదెబ్బ తిన్నా, ఆమ్లంలో మునిగినా అది గాయమే తప్ప విశేషం కాదు. అయితే లోపల జరిగిందల్లా పొరపాటేనా? డెన్వర్ ముద్రతో ఉన్న 1943 కంచు సెంటు ఒక్కటే లోకానికి తెలుసు. 2010లో అది 17 లక్షల డాలర్లకు చేతులు మారింది. దానిని టంకశాల ఉద్యోగి ఒకరు కావాలనే ముద్రించి ఉంటారని పలువురి అనుమానం. అరుదైనదన్న ఆకర్షణ ముందు, అది ఎలా పుట్టిందన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

పిట్స్‌ఫీల్డ్ కుర్రవాడు ఆ సెంటును డెబ్బై ఏళ్ళకు పైగా తన వద్దే ఉంచుకున్నాడు. చాలాకాలం తన ఊరి గ్రంథాలయంలో స్వచ్ఛందంగా సేవ చేశాడు. 2018 సెప్టెంబరులో మరణించాడు. 2019 జనవరిలో ఆ నాణెం వేలంలో 2,04,000 డాలర్లు పలికింది. ఆ సొమ్ము, అతడు కోరుకున్నట్టే, బెర్క్‌షైర్ ఎథీనియం అనే ఆ గ్రంథాలయానికి చేరింది. లేదని ప్రభుత్వం తేల్చిన సెంటు ఒక ఊరి పుస్తకాలకు పెట్టుబడి అయింది.