విద్యార్థుల పార్లమెంటులో పరదేశీయులు

బ్రిటిషు పార్లమెంటునకు సభలు రెండని మనమందరము బడిలో వల్లించినదే. అవి గాక, శాసనములు చేయుటకు గాని, పన్నులు విధించుటకు గాని, ఒక బంట్రోతును నియమించుటకు గాని అధికారము లేని సభలు మరి రెండు ఆ దేశమున రెండు నూరేండ్ల నుండి నడచుచున్నవి. ఒకటి 1815లో వెలసిన కేంబ్రిడ్జి యూనియన్. రెండవది 1823లో వెలసిన ఆక్స్‌ఫర్డు యూనియన్. ఇవి విద్యార్థుల చర్చాసంఘములు. కాని వాని నడవడి యంతయు పార్లమెంటు నడవడియే. అధ్యక్షుడు ఉన్నతాసనముపై కూర్చుండును. అనుకూలురు ఒక వైపున, ప్రతికూలురు ఎదుటి వైపున బారులు తీరుదురు. తీర్మానము ఎల్లప్పుడును ‘ఈ సభ’ అను మాటతోనే మొదలగును. ఇరువది యేండ్ల కుర్రవాడు మరియొక ఇరువది యేండ్ల కుర్రవానిని ‘గౌరవ సభ్యుడు’ అని సంబోధించి, ఆ వెంటనే అతని వాదమును చీల్చి చెండాడును. ముందుగా ఏర్పరచిన వక్తలు మాటలాడిన పిమ్మట తక్కినవారికి అవకాశము వచ్చును. ఆక్స్‌ఫర్డులో వోటు వేయు విధము మరింత ముచ్చటైనది. ఔనను వారు ఒక ద్వారమునుండి, కాదను వారు మరియొక ద్వారమునుండి వెలుపలికి నడచిపోదురు. తలలు లెక్కించి ఫలితము ప్రకటింతురు. ఆ ఫలితమువలన లోకమున ఒక్క కానిస్టేబులు జీతమైనను పెరుగదు, తరుగదు.

అట్టి ఆటను గూర్చి ప్రభుత్వములకు భయమెందుకని తోచవచ్చును. భయము మాత్రము తొలినాటినుండియు ఉండెను. 1817లో, నెపోలియను యుద్ధములు ముగిసి దేశమున కలతలు రేగుచున్న కాలమున, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాధికారులు యూనియన్ చర్చలు నిలిపివేయవలసినదిగా ఉత్తరువు పంపిరి. నాటి అధ్యక్షుడు విలియం హ్యూయెల్, తరువాతి కాలమున పేరొందిన శాస్త్రవేత్త. ఉత్తరువు తెచ్చిన అధికారులను జూచి ఆయన, పార్లమెంటులో పరులతో పలుకు రీతినే, పరులు దయచేసి వెలుపలికి పోవలెననియు, వారు తెచ్చిన సందేశమును సభ పిదప ఆలోచించుననియు సెలవిచ్చెనట. చమత్కారము బాగుగనే ఉండెను గాని సభ మాత్రము మూతపడెను. 1821లో మరల తెరచినప్పుడు ఇటీవలి కాలపు రాజకీయములు చర్చింపరాదను నిబంధన పెట్టిరి. చచ్చిన రాజుల మంచిచెడ్డలు మాత్రము ఎంతయైనను తర్కించుకొనవచ్చునన్నమాట.

ఈ సభలలోనికి మన దేశపు విద్యార్థులు వచ్చుట పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున హెచ్చెను. దీనికి కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. ఐ.సి.యస్. పరీక్ష 1922 వరకు లండనులోనే జరిగెడిది. బారిష్టరు పట్టము కావలెనన్నను సముద్రము దాటక తప్పదు. అట్లు చేరిన భారతీయులు 1891లో కేంబ్రిడ్జియందును, 1896లో ఆక్స్‌ఫర్డునందును ‘మజ్లిస్’ అను పేరున తమ సొంత చర్చాసభలు నెలకొల్పుకొనిరి. సింహళము మొదలగు ఇరుగుపొరుగు దేశముల విద్యార్థులును అందు పాల్గొనిరి. యూనియన్‌లో భారతదేశము ఏ యొకనాడో చర్చకు వచ్చును. మజ్లిసులో అదియే నిత్యవిషయము.

ఇచట శ్రోతలు ఒక్క సంగతి గమనింపవలెను. అదే కాలమున స్వదేశమునందలి శాసనసభల స్థితి యేమి? 1892 చట్టము ననుసరించి సభ్యులకు ఆదాయవ్యయ పట్టికను గూర్చి మాటలాడుటకు, ప్రశ్నలడుగుటకు హక్కు కలిగెను. ఆ పట్టికపై వోటు చేయుటకు మాత్రము హక్కు లేదు. తల నెరసిన వకీళ్లును జమీందారులును చెన్నపట్టణపు సభలో చేయజాలని పనిని, చిత్తూరు సీమనుండి పోయిన యువకుడొకడు కేంబ్రిడ్జిలో చేయవచ్చును: భారత ప్రభుత్వ విధానము తప్పని తీర్మానము ప్రతిపాదించి, దానిపై వోటు కోరవచ్చును. నిజమైన సభలో వోటు లేదు, ఆటసభలో ఉన్నది. మన విద్యార్థులకు ఆ ఆటపై అంత మక్కువ కలుగుటకు మూలము ఇదియేనని మా తలంపు.

చిత్తూరు సీమ యువకుడనుట ఊహకు చెప్పినది కాదు. 1880లో కట్టమంచియందు పుట్టి, కళాశాలలో చదువుచుండగనే ‘ముసలమ్మ మరణము’ వ్రాసిన రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జిలోని సెయింటు జాన్సు కళాశాలకు పోయి చరిత్ర చదివిరి. 1905లో యూనియన్ ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. ఒక భారతీయునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. ఆ యేడే యూనియన్ అధ్యక్షపదవి వహించినవారిలో జాన్ మేనార్డు కీన్సు ఒకడు. అర్థశాస్త్రమును తలక్రిందులు చేసిన కీన్సు ఆయనయే. తెల్లవారి పిల్లల వోట్లతో నల్లవాడొకడు ఆ పీఠమునకు దరిదాపులకు వచ్చుట ఆనాడు సామాన్య విషయము కాదు.

రెడ్డిగారు నేర్చిన విద్య అక్కరకు వచ్చినది 1923లో. అప్పటికి మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణములు అమలునకు వచ్చి, చెన్నపట్టణ శాసనసభకు మంత్రులు బాధ్యులైరి. ఆ నవంబరు నెలలో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై రెడ్డిగారు అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. భారతదేశపు శాసనసభలలో అట్టి తీర్మానము అదియే ప్రథమము. ప్రతిపాదించినవారు తెలుగువారు, ఎదుర్కొన్న ప్రధాని పానగంటి రామారాయణింగారును తెలుగువారే. 44 వోట్లు అనుకూలముగను, 65 వోట్లు ప్రతికూలముగను వచ్చుటచే తీర్మానము వీగిపోయెను. ఓడినను, మంత్రులను సభ ముందు నిలబెట్టి లెక్క అడుగు పద్ధతి మన నేలపై మొదలయినది. రెడ్డిగారిని గూర్చి మాటలాడువారు సాధారణముగ ‘కవిత్వతత్త్వ విచారము’ను, ఆంధ్ర విశ్వవిద్యాలయమును మాత్రమే స్మరింతురు, ఈ ఘట్టమునకును అందు చోటుండవలెను.

ఐనను ఆ సభలను గూర్చి అందరును ఒక్క తీరున సంతోషపడలేదు. 1907లో కేంబ్రిడ్జి చేరిన జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో మజ్లిసును మెచ్చుకొనలేదు. అచట రాజకీయ సమస్యలు తరచుగ చర్చకు వచ్చుచుండెను గాని, ఆ చర్చలలో ప్రాణము లేదనియు, విషయమును పట్టుకొనుటకంటె పార్లమెంటు వారి పోకడలను, యూనియన్ వారి హావభావములను అనుకరించుటకే ఎక్కువ శ్రమపడిరనియు ఆయన యభిప్రాయము. మజ్లిసుకు పోవుచుండెనే గాని, బిడియముచేత మూడేండ్లలోను అందు మాటలాడినది అరుదు. ట్రినిటీ కళాశాలలో ‘మాగ్‌పై అండ్ స్టంప్’ అను చర్చాసంఘమొకటి ఉండెను. ఒక విడత చదువు కాలమంతయు నోరు మెదపని సభ్యుడు జరిమానా చెల్లింపవలెనని అచటి నియమము. జవహర్‌లాల్ తరచుగ జరిమానాయే చెల్లించెను! ఆ సంఘమునకు వచ్చిపోవు పెద్దలలో ఎడ్విన్ మాంటేగు ఒకడు. ఆయనయు ఒకప్పుడు కేంబ్రిడ్జి యూనియన్ అధ్యక్షుడే. మనము పైన చెప్పుకొన్న సంస్కరణములకు పేరిచ్చిన భారతమంత్రి ఆయనయే. మాటలాడలేక జరిమానా కట్టిన బాలుడు పదునేడేండ్లు ప్రధానమంత్రిగా మాటలాడుచునే యుండెను.

నెహ్రూ చెప్పిన మరియొక ముచ్చట మన రాజమహేంద్రవరమును తలపునకు తెచ్చును. బిపిన్ చంద్రపాల్ కేంబ్రిడ్జికి వచ్చి, ఒకరి గదిలో పండ్రెండుగురు విద్యార్థుల ఎదుట, పదివేలమంది సభలో వలె గర్జించెనట. ఆ ధ్వని హోరులో ఏమి చెప్పుచున్నాడో తెలిసికొనుట కష్టమయ్యెనట. ఆ పాల్ మహాశయుడే 1907 ఏప్రిలులో గోదావరి తీరమున ఉపన్యసించెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ఉపన్యాసములను తెలుగు చేసి చెప్పిరి. ఫలితముగ విద్యార్థులు ‘వందేమాతరం’ పతకములు ధరించి కళాశాలకు పోగా, గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు చదువునుండి వెడలగొట్టబడిరి. అదే కంఠము, అదే భావము. కేంబ్రిడ్జి గదిలో విన్నవారికి చెవులు నొచ్చినవి. రాజమహేంద్రవరమున విన్నవారికి బ్రతుకుతెరువే పోయినది.

కాని ఇంగ్లాండు స్వేచ్ఛకును ఒక వెనుకవైపు కలదు. అదే 1907లో ఆ దేశమునందలి భారతీయ విద్యార్థుల స్థితిగతులు విచారించుటకు సర్ విలియం లీ-వార్నరు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. విద్యార్థులలో ప్రబలుచున్న రాజకీయ భావములు వారికి కలవరము కలిగించినవి. ఆ సంఘ సభ్యులలో ఒకడైన కర్జన్ వైలీని 1909 జూలై 1వ తేదీన లండనులో మదన్‌లాల్ ధింగ్రా కాల్చి చంపెను. విద్యార్థులపై నిఘా ముమ్మరమయ్యెను. సంఘము వారి నివేదిక 1922 వరకు వెలుగు చూడలేదు. మాటలాడనిచ్చుచునే, మాటలాడినవాని పేరు వ్రాసికొనుట అన్నమాట.

ఇన్ని చిక్కులున్నను 1919లో కేంబ్రిడ్జి చేరిన సుభాష్ చంద్రబోసునకు యూనియన్ చర్చలు ఎంతో ఉత్సాహము కలిగించినవి. ఎవరినైనను విమర్శింపవచ్చును, మంత్రులును విద్యార్థులతో సమానముగ నిలిచి వాదించెదరు. కలకత్తానుండి పోయినవానికి అది క్రొత్త గాలి. ‘జాన్ బుల్’ పత్రికాధిపతి హొరేషియో బాటమ్లీ ఒకనాడు వాదమునకు రాగా, ఎదుటి విద్యార్థి ‘హామ్లెట్’ నాటకములో హొరేషియోతో రాజకుమారుడు పలికిన వాక్యమును వంచి, ఆయన పత్రికకు తగిలించి నవ్వులు పూయించిన సంగతి బోసు వ్రాసియున్నాడు. ఆస్వాల్డ్ మోస్లీ అను యువ పార్లమెంటు సభ్యుడు అమృతసర దురంతమును తీవ్రముగ ఖండించుటయు బోసు స్మరించెను. ఆ మోస్లీయే 1932లో ఇంగ్లాండున ఫాసిస్టు పక్షమును స్థాపించెను. చర్చావేదికపై పలికిన పలుకునుబట్టి మనుష్యుని భవిష్యత్తు నిర్ణయింపరాదు. 1921లో బోసు ఐ.సి.యస్. కు రాజీనామా యిచ్చి స్వదేశమునకు ఓడ ఎక్కెను.

ఆక్స్‌ఫర్డులో ఆ దశకమున వెలిగిన పరదేశ వక్త సింహళపు బండారునాయక. యూనియన్ కార్యదర్శియు కోశాధికారియు అయ్యెను గాని అధ్యక్షపదవికి నిలిచి ఓడెను. 1956లో ఆయన తన దేశమునకు ప్రధానమంత్రి అయ్యెను.

యూనియన్ ఆట కాదని లోకమునకు తెలిసినది 1933 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి. రాజు కొరకు గాని దేశము కొరకు గాని ఎట్టి పరిస్థితులలోను ‘ఈ సభ’ యుద్ధము చేయదను తీర్మానమును 275 వోట్లతో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు నెగ్గించిరి. ప్రతికూలముగ వచ్చినవి 153. పత్రికలు మండిపడినవి. పిరికితనమునకు గుర్తుగ తెల్లని ఈకలు 275 పెట్టెలో పెట్టి పంపినవారుండిరి. చర్చిల్ దుర్భాషలాడెను. ఆయన కుమారుడు రాండల్ఫ్, ఆ తీర్మానమును చిట్టానుండి కొట్టివేయింపవలెనని మార్చి 2న ప్రయత్నింపగా, 138కి 750 వోట్లతో భంగపడెను. ఆ విద్యార్థుల తరము వారెందరో ఆరేండ్ల పిమ్మట యుద్ధమునకు పోయిరన్నది వేరు సంగతి. తీర్మానము మంచిదా కాదా అను తగవులోనికి మేము దిగము. తరువాతి సంవత్సరమే, 1934లో, ఆ యూనియన్ అధ్యక్షపీఠముపై దోసాభాయి కరాకా అను బొంబాయి పార్శీ యువకుడు కూర్చుండెను. భారతీయుడొకడు ఆ పీఠమెక్కుట అదియే ప్రథమము. 1938లో కేంబ్రిడ్జిలో మోహన్ కుమారమంగళము అధ్యక్షుడయ్యెను. ఆయన తండ్రి సుబ్బరాయన్‌గారు చెన్నరాష్ట్రమున ప్రధానిగా నుండినవారు; కుమారుడు కమ్యూనిస్టుగ మారి, అటుపిమ్మట ఇందిరాగాంధీ మంత్రివర్గమున ఉక్కు, గనుల శాఖలు నిర్వహించెను.

1947లో దేశము రెండయ్యెను గాని కేంబ్రిడ్జిలో మజ్లిసు వెంటనే రెండు కాలేదు. 1950వ దశకమున బెంగాలునకు చెందిన అమర్త్య సేన్, అప్పటి పాకిస్తాను పౌరుడైన రెహమాన్ సోభాన్ ఆ మజ్లిసు పనిని కలిసి నడపిరి. సరిహద్దున సైనికులు కాపున్న కాలమున ఆ రెండు దేశముల పిల్లలు ఒకే బల్ల చుట్టును కూర్చుండి కాశ్మీరము మొదలు గోధుమల వరకు తర్కించుకొనగలుగుట చిన్న సంగతి కాదు.

ఇక మన దేశమున ఈ పద్ధతి ఆలస్యముగ వచ్చెను. 1962లో బొంబాయియందు జరిగిన అఖిల భారత విప్పుల మహాసభ, విద్యాలయములలో మాదిరి పార్లమెంటులు నడపవలెనని సిఫారసు చేసెను. 1966-67లో ఢిల్లీ పాఠశాలలలో పోటీలు మొదలయినవి. ఐక్యరాజ్యసమితి మాదిరి సభలు నేడు నగరముల బడులన్నిటను పరిచితములే. అందు మన పిల్లలు బ్రెజిలు పక్షమునను, ఘనా పక్షమునను వాదించుచున్నారు.

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి యూనియన్లలో మాత్రము ఒక తలుపు చాలకాలము మూసియేయున్నది. స్త్రీలను పూర్తి సభ్యులుగ రెండు సంఘములును 1963లోనే చేర్చుకొన్నవి. అంతవరకు, ప్రపంచ స్వాతంత్ర్యమును గూర్చి ఎంత ధారాళముగ వాదించిన సభయైనను సగము మానవులను గ్యాలరీకే పరిమితము చేసెను. ఆ తలుపు తెరచిన పదునాలుగేండ్లకు, 1977లో, పాకిస్తాను విద్యార్థిని బేనజీర్ భుట్టో ఆక్స్‌ఫర్డు యూనియన్ అధ్యక్షురాలయ్యెను. 1988 డిసెంబరులో ఆమె స్వదేశమున ప్రధానమంత్రి పదవి స్వీకరించునాటికి ఆమె వయస్సు 35 ఏండ్లు.