నమూనా యొకటి, వస్తువు లనేకములు

ఓస్లో నగరమందలి నార్వే గణన కేంద్రమున ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను పండితు లిరువురు, లోకవ్యవహారమును గణనయంత్రమునకు దెలుపు మార్గము నన్వేషించిరి. వంతెనకడ సుంకపు గేటునొద్ద నిలిచిన లారీలు, బస్సులు, కార్ల వరుసను వారు ఉదాహరణముగ దీసికొనిరి. బండి బండికిని వేరుగ వ్రాయుటకంటె, సమానగుణముల నొక్కచో నుంచుట మేలని తోచెను.

అట్లు 1967లో 'సిములా 67' అను భాషయందు 'క్లాసు' వెలసెను. క్లాసనగా నమూనా, వస్తువున కుండవలసిన వివరములు, అది చేయవలసిన పనులు అందు ఒక్కమారే వ్రాయుదురు. పిదప 'న్యూ' అను మాటచే కావలసినన్ని 'ఆబ్జెక్టు'లను, అనగా వస్తువులను, సృజింతురు. పూర్వపు కరణముల అచ్చు ఫారమువలె శీర్షికలు అందరికి నొక్కటియే. ఏ రైతు లెక్క ఆ రైతుదే. ఒక లారీ సుంకము చెల్లించి సాగినను రెండవది వరుసలోనే యుండును.

ఆ పండితులకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము లభించెను. 2002లో ఇరువురును గతించిరి. మీ మనుమలు జావా, పైథాన్ భాషలందు నేర్చు క్లాసునకు మూల మిదియే.