పతకాల పట్టికలో కనిపించని పేరు: బ్రయాన్ షైమర్

క్రీడాచరిత్ర రాసేవారికి మొదట దొరికే ఆధారం పతకాల పట్టిక. అది ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో గ్రహించడానికి అమెరికా బాబ్‌స్లెడ్ క్రీడాకారుడు బ్రయాన్ షైమర్ జీవితాన్ని పరిశీలించండి.

మీలో చాలామందికి ఈ ఆట కొత్త కావచ్చు. వంపులు తిరిగిన మంచు కాలువలో నలుగురు ఒక బండిని పరుగెత్తుతూ తోసి, అందులోకి దూకి కూర్చుంటారు. ముందు కూర్చున్న చోదకుడు తాళ్లతో బండిని మళ్లిస్తాడు. కాలాన్ని సెకనులో నూరో వంతు వరకు లెక్కిస్తారు. నిజానికి షైమర్ కూడా మంచు ఎరుగని ఊరివారే. ఫ్లోరిడాలోని నేపుల్స్‌కు చెందిన ఆయన కళాశాలలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, ఆ తరువాత ఈ ఆటలోకి వచ్చారు.

నలుగురి విభాగంలో 1932లో, 1948లో స్వర్ణం అమెరికాదే. 1956లో కాంస్యం వచ్చింది. ఆ తరువాత బాబ్‌స్లెడ్‌లో ఒక్క పతకమూ లేదు. జర్మన్లు, స్విస్‌వారు బండి నిర్మాణంలో ముందుకు సాగగా, అమెరికా జట్టు యూరప్ బండ్లపై ఆధారపడింది. కారు పందాల క్రీడాకారుడు జెఫ్ బొడైన్ 1992 తరువాత స్వదేశీ బండ్ల తయారీకి పూనుకున్నది ఇందుకే.

షైమర్ 1988 నుంచి వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1998లో నగానోలో 0.02 సెకన్ల తేడాతో కాంస్యం చేజారింది. రెప్పపాటు కూడా ఇంతకన్నా ఎక్కువ సేపే! 2002లో సాల్ట్‌లేక్ సిటీలో, 39 ఏళ్ల వయసులో, కాంస్యం గెలిచి ఆట విరమించారు. అదే పోటీలో టాడ్ హేస్ జట్టుకు రజతం దక్కింది. అలా అమెరికా పురుషుల జట్ల 46 ఏళ్ల కరువు తీరింది.

నా దృష్టిలో అసలు చరిత్ర ఆ తరువాతిదే. షైమర్ జాతీయ పురుషుల జట్టు శిక్షకులయ్యారు. చోదకుడు స్టీవెన్ హోల్కంబ్‌కు కెరటోకోనస్ అనే కంటిజబ్బుతో చూపు క్షీణించింది. 2007లో, ఆట మానేస్తానని ఆయన శిక్షకుడికి చెప్పారు. షైమర్ ఆయనను వదులుకోలేదు. 2008లో కంట్లో కటకాలు అమర్చాక చూపు తిరిగి వచ్చింది. 2010లో విస్లర్‌లో హోల్కంబ్ జట్టు 62 ఏళ్ల తరువాత అమెరికాకు నలుగురి విభాగం స్వర్ణం తెచ్చింది.

ఘనతంతా శిక్షకుడిదే అనడం తొందరపాటు. ఆ రోజు వారు నడిపిన 'నైట్ ట్రైన్' బొడైన్ ప్రారంభించిన సంస్థ తయారుచేసిన బండి. అయినా ఒలింపిక్స్‌లో శిక్షకులకు పతకం ఇవ్వరు. పతకాల పట్టికలో ఆ స్వర్ణం ఎదుట హోల్కంబ్, మెస్లర్, టొమసెవిచ్, ఓల్సన్ అనే నాలుగు పేర్లే ఉంటాయి.