ధ్వనికి చిక్కని జలాంతర్గామి

రెండవ ప్రపంచ యుద్ధంలో, టన్నుల లెక్కన అత్యధికంగా ఓడలను ముంచిన జర్మన్ జలాంతర్గామి కమాండరు ఆటో క్రెచ్మర్. అతడు ముంచిన ఓడలు నలభైకి పైగా. వాటి మొత్తం రెండున్నర లక్షల టన్నులకు మించినది. ఇది కేవలం సాహస ఫలమని చాలామంది భావిస్తారు. సాహసం లేకపోలేదు. కాని అతని విజయాలకు అసలు మూలం, శత్రువుల పరికరంలోని లోపాన్ని గ్రహించడమే.

క్రెచ్మర్ 1912లో సైలీషియాలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు పోలండులో ఉన్నది. 1930లో నౌకాదళంలో చేరాడు. యుద్ధారంభంలో యు-23 అనే చిన్న జలాంతర్గామిని నడిపి, 1940 ఏప్రిల్‌లో యు-99కు అధిపతి అయ్యాడు.

బ్రిటిష్ వారు ఆనాడు నమ్ముకొన్న పరికరం యాస్డిక్. బావిలోనికి వంగి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా! యాస్డిక్ చేసే పని అదే. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. పంపిన ధ్వని 2 సెకన్లకు తిరిగివస్తే, దానికి తగిలిన వస్తువు 1,500 మీటర్ల దూరాన ఉన్నదన్నమాట. అయితే అలల మధ్య, నీటిపైన తేలే జలాంతర్గామిని ఇది పట్టుకొనడం చాలా కష్టం.

మరొక సంగతి. ఆనాటి జలాంతర్గామి పేరుకే జలాంతర్గామి. నీటి అడుగున బ్యాటరీలతో గంటకు సుమారు 15 కిలోమీటర్లు, అదీ కొద్దిసేపే పోగలదు. పైకి వచ్చి డీజెల్ యంత్రాలతో నడిస్తే వేగం రెట్టింపవుతుంది. రక్షకనౌకల వెంట బారులు తీరి నడిచే సరకు ఓడలకు అంత వేగం లేదు. కనుక క్రెచ్మర్ చీకటిలో, నీటిపైనే, ఆ బారుల మధ్యకే దూరి, దగ్గరనుండి కొట్టేవాడు. ఒక ఓడకు ఒక టార్పిడో చాలునన్నది అతని నియమం. టన్నుల లెక్కలో మనుషులు కనబడరు. బ్రిటిష్ వాణిజ్య నౌకలపై వేలాది భారతీయ లాస్కర్లు కూడా పనిచేసేవారు.

1941 మార్చి 16 రాత్రి అతడు ఒకే నౌకాశ్రేణిలో ఐదు ఓడలను ముంచాడు. టార్పిడోలు అయిపోగా ఇంటిదారి పట్టాడు. కొద్ది గంటలకే, దాపున తేలుతున్న యు-100ను బ్రిటిష్ డిస్ట్రాయరు వానక్ రాడార్‌తో కనిపెట్టి, ఢీకొట్టి ముంచివేసింది. రాడార్‌లో ధ్వనికి బదులు రేడియో తరంగం ప్రతిఫలిస్తుంది. కిలోమీటరు దూరం పోయి రావడానికి దానికి, సెకనులో పదిలక్షల భాగాలలో ఏడు భాగాలు చాలును. నీటిపైనున్న వస్తువు ఇక చీకటిలో దాగలేదు.

అదే సమయంలో యు-99 పైభాగాన కాపలా ఉన్న అధికారి, డిస్ట్రాయరును చూచి జలాంతర్గామిని ముంచాడు. పైనే ఉండి తప్పించుకొనవలెనన్నది క్రెచ్మర్ పద్ధతి. నీటిలోనికి దిగుటతో అది యాస్డిక్‌కు చిక్కింది! వాకర్ అనే డిస్ట్రాయరు వదిలిన లోతుబాంబులకు యు-99 దెబ్బతిని, పైకి తేలక తప్పలేదు. సిబ్బంది 43 మందిలో ముగ్గురు మరణించారు. కమాండరుతో సహా తక్కినవారు బందీలయ్యారు.

క్రెచ్మర్ 1947 డిసెంబరులో విడుదలయ్యాడు. 1955లో పశ్చిమ జర్మనీ కొత్త నౌకాదళంలో చేరి, ఒకనాటి శత్రువుల సరసనే నాటో కూటమిలో పనిచేసి, 1970లో ఫ్లొటిలా అడ్మిరల్‌గా విరమించాడు. 1998లో మరణించాడు.